మూడు షిఫ్టుల ఇంట్లో కీమో

సింగరేణి కార్మికుడి ఇంట్లో వారం వారం షిఫ్టు మారుతుంది. ఈ వారం ఫస్టు షిఫ్టు అయితే వచ్చే వారం ఇంకొకటి, ఆపై మరొకటి. మూడు వారాలు తిరిగేసరికి మళ్లీ మొదటికి వస్తుంది. రొమ్ము క్యాన్సర్‌కు ఎక్కించే కీమోల్లో చాలావాటి విడత కూడా 21 రోజులే. ఈ రెండు లెక్కల్నీ ఒకే క్యాలెండరు మీద రాసుకుంటే చికిత్స నెలల్లో ఇంటిని ఎట్లా నడపాలో చాలావరకు తేలిపోతుంది. ఆ క్యాలెండరును ఎట్లా తయారు చేసుకోవాలో, దాన్ని పట్టుకుని ఒక్కో వారం ఎట్లా దాటాలో చెప్పడానికే ఈ కథనం.

నస్పూర్, శ్రీరాంపూర్ కాలనీల్లో రొమ్ములో గడ్డ తగిలిన ఆడమనిషి నడిచే దారి ఇంచుమించు ఒకటే. కాలనీ డిస్పెన్సరీలో చూపించుకోవడం, రామకృష్ణాపూర్ ఏరియా హాస్పిటల్‌కు పోవడం, రిఫరల్ కాగితం పట్టుకుని మంచిర్యాల స్టేషన్‌లో హైదరాబాద్ రైలెక్కడం. కంపెనీ ఉద్యోగం లేని కుటుంబాలు మంచిర్యాల ప్రభుత్వ దవాఖాన మీదుగా ఆరోగ్యశ్రీలో పోతాయి. ఆ పథకం పరిమితి 2023 డిసెంబరు నుంచి రూ.10 లక్షలు. ఏ మందు, ఎన్ని విడతలు, ఆపరేషన్ ముందా కీమో ముందా అన్నది డాక్టర్లు తేలుస్తారు. అలసటను ఏం చేయాలో, మనసును ఏం చేయాలో మాత్రం డిశ్చార్జి కాగితంలో ఉండదు. ఇల్లు చేరాక ఆ భారం ఆమె ఒక్కదాని మీద పడుతుంది. ఆడవాళ్ల ఓర్పును మెచ్చుకోవడం మన ఇళ్లలో పాత అలవాటు. కీమో నడిచే నెలల్లో ఆ మెప్పు ఆమెకు మేలు కంటే చేటే ఎక్కువ చేస్తుందని నా గట్టి నమ్మకం. "మా అమ్మ ఎంత ఓర్చుకుంటదో" అని పిల్లలు గొప్పగా చెప్పుకునే ఇంట్లో ఆ అమ్మ తన నీరసాన్ని డాక్టరుకు చెప్పదు.

మన దేశంలో ఒక్క 2022లోనే సుమారు 1.92 లక్షల మంది ఆడవాళ్లలో కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడిందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. ఇంతమంది పడే బాధను ఎవరి ఇంట్లో వాళ్లు గుట్టుగా మోయాల్సిన పని లేదు.

ఈ అలసట వేరు

గనిలోంచి వచ్చిన మనిషి స్నానం చేసి, తిని పడుకుంటే లేచేసరికి ఒళ్లు తేలికవుతుంది. కీమో అలసట నిద్రతో తీరదు. రాత్రంతా పడుకున్నా పొద్దున లేవగానే పాణం సొలిగినట్టే ఉంటుంది. బాత్రూం దాకా నడిచేసరికి కాళ్లు గుంజుతాయి. పాలు పొయ్యి మీద పెట్టిన సంగతి గుర్తుండదు. ఎదుటివాళ్లు చెప్పేది సగంలోనే జారిపోతుంది. చూసేవాళ్లకు మనిషి మామూలుగానే కనబడుతుంది కాబట్టి "పొద్దస్తమానం పడుకునుడేనా" అనే మాట ఎక్కడో ఒకచోట నుంచి వస్తుంది.

దీనికి కారణాలు చాలా ఉన్నాయి. కీమో మందు ఎముక మూలుగలో రక్తం తయారీని తగ్గిస్తుంది. వాంతి వచ్చినట్టు ఉండి తిండి తగ్గుతుంది. నొప్పి, భయం, స్టెరాయిడ్ మాత్రలు నిద్రను చెడగొడతాయి. కొందరిలో థైరాయిడ్ తేడా, షుగరు, ఒంట్లో నీరు తగ్గడం కూడా తోడవుతాయి. వీటిలో చాలావరకు పరీక్ష చేసి సరిచేయగలిగినవే. "కీమో అన్నంక నీరసం ఉండదా మరి" అనే ఒక్క మాట వీటన్నిటినీ దాచేస్తుంది.

అందుకే అలసటకు ఒక అంకె పెట్టాలి. అసలు అలసట లేకపోతే 0, ఇంతకంటే ఎక్కువ ఉండదనిపిస్తే 10. రోజూ ఒకే వేళకు, సాయంత్రం దీపం పెట్టే వేళ అనుకోండి, ఆమెనే అడిగి ఆ అంకెను క్యాలెండరు గడిలో రాయాలి. 3 లోపు ఉంటే ఇంట్లో చూసుకోవచ్చు. 4 నుంచి 6 దాకా ఉంటే తర్వాతి ఓపీలో తప్పక చెప్పాలి. 7, ఆపైన వస్తే ఓపీ దాకా ఆగకుండా ఫోను చేయాలి. "చాలా నీరసంగా ఉందండి" అంటే రద్దీ ఓపీలో ఆ మాట గాలికి పోతుంది. "డాక్టరు గారూ, నాలుగో రోజు నుంచి ఎనిమిదో రోజు దాకా 8 ఉంది, పోయినసారి 6 ఉండె" అంటే డాక్టరు తలెత్తి చూస్తారు, రక్తపరీక్ష రాస్తారు. మాట అదే, దాని వెనక లెక్క ఉంది.

గోడ మీద క్యాలెండరు

మొదటి కీమోకు ముందే ఒక పెద్ద క్యాలెండరు వంటింటి గోడకు తగిలించాలి. కీమో తేదీని 1 అని రాసి 21 దాకా అంకెలు వేయాలి. ఆ కిందే ఇంటాయన షిఫ్టు రాయాలి.

కీమో విడతలో మూడు వారాలకూ మూడు గుణాలు ఉంటాయి. మొదటి వారం ఒళ్లు బాగా కుంగేది. రెండో వారం తెల్లకణాలు పడిపోయి జ్వరం భయం ఉండేది. మూడో వారం మనిషి కాస్త కోలుకునేది. షిఫ్టులు ఏ వరసలో తిరిగినా నైటు షిఫ్టు మూడో వారంలో పడటం మంచిది. మొదటి వారంలో నైటు పడితే ఆమె నిద్రపట్టక లేచి కూర్చున్న వేళ పక్కన ఎవరూ ఉండరు. రెండో వారంలో పడితే అర్ధరాత్రి జ్వరం వచ్చినప్పుడు బండి తీసే మనిషి గనిలో ఉంటాడు. మూడో వారం నైటు అయితే ఆయన పగలు పడుకున్నా ఇల్లు నడుస్తుంది. 21 రోజుల విడత, మూడు వారాల షిఫ్టు ఒకటే కాబట్టి మొదటిసారి కుదిరిన పొత్తు తర్వాతి విడతల్లోనూ అట్లాగే నిలుస్తుంది.

ఇది కుదరడానికి కీమో తేదీని వెనక్కి జరపకండి. మందు తేదీ మందుదే. జరపాల్సింది షిఫ్టును. కీమో కాగితం తీసుకుని గని ఆఫీసులో, సంక్షేమ అధికారి దగ్గర ముందుగానే మాట్లాడితే దారి దొరకవచ్చు. దొరక్కపోతే నైటు పడే వారానికి ఒక ఆడమనిషిని, చెల్లెనో వదినెనో పక్క క్వార్టరు అక్కనో, రాత్రి తోడు పడుకోమని అడిగి పేరు క్యాలెండరు మీదే రాసేయాలి. రక్తకణాలు కోలుకోక కీమో వారం వాయిదా పడుతుంటుంది. అప్పుడు లెక్క మొత్తం మళ్లీ వేసుకోవాలి. 14 రోజులకో విడత ఇచ్చే పద్ధతి, పాక్లిటాక్సెల్‌ను వారానికోసారి 12 వారాలు ఇచ్చే పద్ధతి కూడా ఉన్నాయి. వాటి కుంగుబాటు వేరుగా ఉంటుంది. ఏ పద్ధతో డాక్టరును అడిగి గడులు గీయండి.

మొదటి కీమోకు ముందు ఇంట్లోకి తేవాల్సిన వస్తువు ఒకటే, డిజిటల్ థర్మామీటరు. అడిగి రావాల్సినవి నాలుగు: హిమోగ్లోబిన్ ఎంత, థైరాయిడ్ చూశారా, గుండెకు టూడీ ఎకో అయ్యిందా, రాత్రి పూట ఇబ్బంది వస్తే ఏ నంబరుకు ఫోను చేయాలి. ఆ నంబరును క్యాలెండరు పైన పెద్ద అక్షరాలతో రాయండి.

రైలు, ఎర్రమందు

క్యాన్సర్ చికిత్సకు పోయేవారికి రైలు టికెట్లో రాయితీ ఉంది. స్లీపరు, థర్డ్ ఏసీల్లో రోగికి పూర్తి చార్జీ మాఫీ, తోడు వచ్చేవారికి 75 శాతం తగ్గింపు. ఆసుపత్రి ఇచ్చే నిర్ణీత ఫారం కౌంటరులో చూపించాలి. చాలా కుటుంబాలకు ఈ సంగతి మూడు నాలుగు విడతలు అయ్యాక గాని తెలియదు. పొద్దున బండికి పోయి సాయంత్రం బండికి తిరిగి వచ్చేయాలని తొందరపడే ఇళ్లే ఎక్కువ. వీలున్నవాళ్లు ఆ రాత్రి అక్కడే ఆగి మర్నాడు రావడం నయం. కీమో దిగిన ఒంటికి నాలుగైదు గంటల ప్రయాణం అదనపు బరువు. జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు కాబట్టి, తర్వాతి విడతల్లో కొన్నయినా మంచిర్యాలలోనే ఎక్కించే వీలుందా అని ప్రతిసారీ అడుగుతూ ఉండాలి.

డాక్సోరుబిసిన్ అనే మందు ఎర్రగా ఉంటుంది. ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. అది రక్తం కాదు. ముందే చెప్పకపోతే బాత్రూంలో ఒంటరిగా ఉన్న మనిషి ఆ రంగు చూసి పడే భయం మామూలుది కాదు. రెండు రోజులపాటు ఆమె మరుగుదొడ్డి వాడాక నీళ్లు రెండుసార్లు పోయాలి, వాంతి అంటిన బట్టల్ని చేతికి తొడుగు వేసుకుని విడిగా ఉతకాలి.

కీమోతోపాటు వాంతులు, అలర్జీ రాకుండా డెక్సామెథసోన్ ఇస్తారు. ఇది స్టెరాయిడ్. దీని వల్ల మొదటి రెండు రోజులు మనిషి ఉషారుగా ఉంటుంది. మొహం ఎర్రబారుతుంది, మాటలు ఎక్కువవుతాయి, రాత్రి నిద్ర పట్టదు. "నాకేం కాలేదు, మంచిగనే ఉన్న" అని రెండో రోజున ఇల్లంతా కడిగేవాళ్లు ఉన్నారు. మూడో రోజుకు ఆ మందు ప్రభావం దిగిపోతుంది, అలసట ఒక్కసారిగా మీద పడుతుంది. ఏడుపు, చిరాకు కూడా అప్పుడే ఎక్కువ. ఆ కుంగుబాటులో కొంత మందు పని అని ఆమెకూ ఇంట్లోవాళ్లకూ తెలిసి ఉంటే నిందలు తగ్గుతాయి. స్టెరాయిడ్ మాత్రను పొద్దున పూటకే పరిమితం చేయొచ్చా అని డాక్టరును అడగండి. నిద్రకు అది మేలు.

మొదటి వారం: పనుల పంపకం

అలసటను తగ్గించే మొదటి మార్గం పని తగ్గించడం. మాట ఎంత తేలికో మన ఇళ్లలో ఆచరణ అంత కష్టం. గనుల పక్క ఊళ్లలో ఇంటిపని మామూలు ఊళ్లకంటే ఎక్కువ. బొగ్గు దుమ్ముకు పొద్దున ఊడ్చిన ఇల్లు సాయంత్రానికి మళ్లీ ఊడ్వాలి. గని బట్టలు నానబెట్టి, సబ్బు పెట్టి, బండకేసి బాదాలి. షిఫ్టు మారితే టిఫిన్ బాక్సు కట్టే వేళ మారుతుంది. ఇన్నేళ్లూ ఈ పనులన్నీ ఒక మనిషి చేతుల మీదుగా జరిగాయి. ఇంట్లో ఎవరికీ వాటి లెక్క తెలియదు.

కాబట్టి మొదటి కీమోకు ముందు ఆదివారం నాడు అందరూ కూర్చుని ఒక కాగితం మీద ఆమె రోజంతా చేసే పనులన్నీ రాయండి. రాయడం మొదలుపెట్టాకే అవి ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. ఆ పనుల్ని మూడు కుప్పలు చేయాలి. ఆరు నెలలు అసలు చేయకపోయినా ఇల్లు మునిగిపోనివి మొదటి కుప్ప. అప్పడాలు, వడియాలు పెట్టడం, పండగ పిండివంటలు, పరదాలు ఉతకడం ఇందులోకి వస్తాయి. వేరేవాళ్లు చేయాల్సినవి రెండోది. గని బట్టలు, నీళ్లు మోయడం, గ్యాసు సిలిండరు జరపడం, ఊడ్చి తుడవడం ఇవన్నీ దీనిలోకే. ఆమెకు ఇష్టమైనవి, చేస్తే మనసుకు ఊరట కలిగించేవి మూడోది. తులసి కోటకు నీళ్లు పోయడం కావచ్చు, కూర్చుని పువ్వులు కట్టడం కావచ్చు, చిన్నదానికి జడ వేయడం కావచ్చు. ఈ మూడో కుప్పను ఆమె నుంచి లాక్కోకూడదు. "నువ్వేం ముట్టుకోకు, మూలకు కూసో" అంటే అది ప్రేమే కావచ్చు, కానీ ఇంట్లో తనకిక చోటు లేదన్న దిగులు అక్కడే మొదలవుతుంది.

ఒంట్లో శక్తి రోజులో ఏ వేళ ఎక్కువ ఉంటుందో అంకెలు రాస్తుంటే రెండు వారాల్లో తెలిసిపోతుంది. చాలామందికి పొద్దున పది లోపు బాగుంటుంది. స్నానం, ముఖ్యమైన మాటలు, ఫోన్లు అప్పుడే. స్నానానికి బాత్రూంలో ప్లాస్టిక్ స్టూలు వేస్తే నిలబడే శ్రమ తప్పుతుంది. కూరగాయలు తరగడం కూర్చునే చేయొచ్చు. పగలు పడుకుంటే అరగంట, ముప్పావు గంట చాలు. మధ్యాహ్నం మూడు దాటాక పడుకుంటే రాత్రి నిద్ర పోతుంది.

తిండి దగ్గర ఒక మాట గట్టిగా చెప్పాలి. పత్యం పేరుతో గుడ్డు వద్దు, పప్పు వద్దు, పెరుగు చలువ అని ఆపేయడం కీమో మనిషికి హాని. ఆమె ఒంటికి ఇప్పుడు మాంసకృత్తులు మామూలు కంటే ఎక్కువ కావాలి. ఉడికిన గుడ్డు, పెసరపప్పు, ఇంట్లో తోడుపెట్టిన పెరుగు, బాగా ఉడికిన చేప లేదా కోడి, రాగి జావ ఇవన్నీ పెట్టాలి. డాక్టరు ప్రత్యేకంగా ఏదైనా వద్దంటే అదొక్కటే మానాలి. మూడు పూటలు కంచం నిండా పెట్టేకంటే రెండు గంటలకోసారి గిన్నెడు పెట్టడం మంచిది. పోపు వాసనకు కడుపు తిప్పితే వంట జరిగేటప్పుడు ఆమెను వాకిట్లో కూర్చోబెట్టాలి. నోరు పూస్తే కారం, పులుపు ఆపి పెరుగన్నం పెట్టాలి. ఎవరో చెప్పారని ఆకు పసర్లు, పొడులు మాత్రం డాక్టరుకు చెప్పకుండా ఇవ్వొద్దు. కాలేయం మీద ఇప్పటికే కీమో భారం ఉంది.

రెండో వారం: జ్వరం, పలకరింపులు

ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్లకణాలు బాగా తగ్గుతాయి. థర్మామీటరులో 100.4 డిగ్రీలు గాని ఆపైన గాని చూపిస్తే అది అత్యవసరం. పారాసెటమాల్ వేసి తెల్లారిందాకా చూద్దామనుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది. దగ్గర్లోని పెద్ద దవాఖానకు పోయి లోపలికి అడుగుపెట్టగానే చెప్పాల్సిన మొదటి మాట: "ఈమెకు కీమో నడుస్తున్నది, ఇయ్యాల ఇన్నో రోజు, జ్వరం వచ్చింది." ఆ మాట విన్న డాక్టరు వెంటనే రక్తకణాల పరీక్ష పంపి, గంట లోపు యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. కీమో ఫైలు, ఒక జత బట్టలు సంచిలో సర్ది తలుపు వెనక తగిలించి ఉంచండి. కొందరికి కీమో అయిన మర్నాడు తెల్లకణాల కౌంటు పెంచే ఇంజక్షన్ ఇవ్వమంటారు. అది చల్లగా ఉండాల్సిన మందు, గడ్డకట్టకూడదు. హైదరాబాద్ నుంచి తెస్తే ఐస్ డబ్బాలో తేవాలి. ఆ ఇంజక్షన్ తర్వాత నడుము, తొడ ఎముకలు నొప్పి పెడతాయి. రోగం ఎముకలకు పాకిందేమో అని హడలిపోవద్దు, డాక్టరుకు చెప్పి మందు అడగాలి.

గనిలో తోటి కార్మికులకు ఇక్కడ ఒక విన్నపం. మీ జట్టులో ఒకరి భార్యకు కీమో నడుస్తుంటే ఆయనకు ఈ వారం నైటు పడిందేమో కనుక్కోండి. ఆఫీసు ఒప్పుకుంటే షిఫ్టు మార్చుకోండి. పండ్ల సంచి కంటే అది పెద్ద సాయం.

కాలనీల్లో పలకరింపు గొప్ప ఆచారం. ఒకరికి బాగాలేదంటే లైనంతా వస్తుంది. కానీ రెండో వారంలో జలుబు, దగ్గు ఉన్నవాళ్లు రాకూడదు. మిగతావాళ్లు కూడా ఇద్దరిద్దరుగా, కాసేపే. ఒంటి సంగతి ఇది. మనసు సంగతి ఇంకా ఉంది. వచ్చినవాళ్లు ఊరకుండలేక "మా మేనత్తకు గిట్లనే అయ్యింది, పాపం ఆర్నెల్లు కూడ ఉండలే" అంటారు. "ఏం పాపం చేసినవే తల్లీ" అంటారు. ఇంకొకరు కళ్లనీళ్లు పెట్టుకుంటే వాళ్లను ఓదార్చే పని రోగి మీద పడుతుంది. ఒక్క పలకరింపు తర్వాత ఆమె అంకె 5 నుంచి 8కి పోవడం చూస్తే మాటల బరువు తెలుస్తుంది.

దీనికి చేయాల్సిన పని ఉంది. ఇంట్లో ఒకరు, పెద్ద కూతురో మరదలో, కబురు చెప్పే మనిషిగా ఉండాలి. అందరి ఫోన్లూ వాళ్లకే రావాలి. "అక్క మంచిగనే ఉన్నది, ఇయ్యాల పండుకున్నది, వచ్చే వారం రండి" అని వాళ్లే చెప్పాలి. వచ్చినవాళ్లు ఏం చేయాలా అని తడబడితే పని చెప్పాలి: రేపటి పప్పు మీ ఇంటినుంచి తెండి, చిన్నోణ్ని బడి నుంచి తీసుకురండి. ఆచారం నిలుస్తుంది, ఆమెకు విశ్రాంతి దొరుకుతుంది.

మూడో వారం: నడక

అలసటగా ఉన్న మనిషిని నడవమనడం వింతగా అనిపిస్తుంది. కానీ ఇప్పటిదాకా పరీక్షించి చూసినవాటిలో బాగా పనిచేసేది ఇదే. 2017లో జామా ఆంకాలజీ పత్రికలో 113 అధ్యయనాలను కలిపి పరిశీలించిన వ్యాసం వచ్చింది. అందులో పదకొండు వేలకు పైగా రోగులున్నారు. క్యాన్సర్ అలసటకు వ్యాయామం, మానసిక చికిత్స మందులకంటే మెరుగ్గా పనిచేశాయని అందులో తేలింది. వారానికి మూడుసార్లు అరగంట చొప్పున కాస్త వేగంగా నడవడం గురి. మొదటిరోజే అరగంట నడవక్కర్లేదు. ఐదు నిమిషాలు లైను చివరిదాకా పోయి రావడంతో మొదలుపెట్టి రెండు రోజులకోసారి రెండేసి నిమిషాలు పెంచుకోవచ్చు. నడిచేటప్పుడు పక్కమనిషితో మాట్లాడగలగాలి. ఆయాసం వస్తే ఆగాలి. మొదటి వారంలో కూడా మంచం దిగి ఇంట్లోనే నాలుగడుగులు వేయడం మానొద్దు. జ్వరం, గుండె దడ, తల తిరుగుడు ఉన్నరోజు, హిమోగ్లోబిన్ బాగా తక్కువని చెప్పినప్పుడు నడక వద్దు.

మన దగ్గర ఎండలు తెలిసినవే. మార్చి దాటితే పొద్దున ఆరు లోపే నడక ముగించాలి. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు వదిలి కాలనీ లోపలి దారులు, ప్రగతి స్టేడియం లాంటి చోట్లు ఎంచుకోవాలి.

మనసు

మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకు జుట్టు ఊడుతుంది. దువ్వెనకు చిక్కులు చిక్కులుగా వస్తుంది, దిండు మీద కనబడుతుంది. జబ్బు పేరు విన్నప్పుడు ఏడవని మనిషి ఆ రోజు ఏడుస్తుంది. ముందే పొట్టిగా కత్తిరించుకుంటే ఆ దెబ్బ కొంత తగ్గుతుంది. తెలుగు సినిమా నటి హంసానందిని 2021 డిసెంబరులో గుండుతో ఉన్న తన ఫొటోనే బయటపెట్టి, తనకు రొమ్ము క్యాన్సర్ అని, అప్పటికి 9 కీమోలు అయ్యాయని, ఇంకా 7 ఉన్నాయని చెప్పింది. అంతకు చాలా ఏళ్ల ముందే నటి గౌతమి ఈ జబ్బును దాటి, దాని గురించి అందరి ముందూ మాట్లాడింది. వాళ్లు చెప్పగలిగారు కాబట్టి నస్పూర్‌లో ఉన్న ఆమె కూడా చెప్పాలని నేననను. చెప్పాలా వద్దా, కొంగు కప్పుకోవాలా, టోపీయా, విగ్గా, బోడితలతోనే బతుకమ్మ ఆడాలా అన్నది పూర్తిగా ఆమె ఇష్టం. ఇంట్లోవాళ్లు ఆ నిర్ణయం ఆమెకు వదిలేయాలి.

జబ్బును దాచే ఇళ్లలో చాలావరకు కారణం కూతురి పెళ్లి. "సంబంధాలు రావు" అన్న భయం. రొమ్ము క్యాన్సర్లలో తల్లిదండ్రుల నుంచి వచ్చే జన్యులోపం వల్ల కలిగేవి 5 నుంచి 10 శాతమే. అది ఉందో లేదో పరీక్ష చెబుతుంది. మిగతా తొంభై శాతానికి పెళ్లి సంబంధంతో ముడి లేదు. దాచడానికి పడే శ్రమ కూడా అలసటే. రిపోర్టులు బియ్యం డబ్బాలో దాచడం, హైదరాబాద్ ఎందుకు పోతున్నారంటే అబద్ధం అల్లడం, ఎవరికి ఏం చెప్పామో గుర్తుపెట్టుకోవడం, ఇవన్నీ ఆమె మిగిల్చుకున్న కొద్ది శక్తినీ తినేస్తాయి.

కోపం, భయం, "నా వల్లనే ఇల్లు ఆగమైంది" అన్న అపరాధ భావం రోజూ వస్తాయి, పోతాయి. వాటిని తోసేయడానికి మనవాళ్లు వాడే మాట "ధైర్యంగా ఉండు". ఆ మాట విన్నాక ఆమె నోరు మూసుకుంటుంది. దాని బదులు "ఇయ్యాల ఏది బాగా భయపెడుతున్నది?" అని అడిగి, జవాబు చెప్పకుండా వినండి. రోజూ పది నిమిషాలు చాలు, టీవీ ఆపి. భర్తలకు ఇది కష్టమని తెలుసు. పైకప్పు కూలుతుందేమోనన్న భయాన్ని కూడా మాటల్లో పెట్టని మనుషులు వాళ్లు. ఏమీ అనకపోయినా పక్కన కూర్చోవచ్చు. ఆపరేషన్ అయ్యాక ఆమె ఒంటిని చూసి మొహం తిప్పుకుంటాడేమో అన్న భయం చాలామందిలో ఉంటుంది, నోటితో అడగరు. అడగకముందే దగ్గరికి పోవాల్సింది ఆయనే.

పిల్లలకు ఏం జరుగుతోందో తెలియకుండా ఉండదు. చిన్నవాళ్లకు కూడా జబ్బు పేరు చెప్పాలి, అది అంటుకోదని చెప్పాలి, మీరు అల్లరి చేసినందుకు రాలేదని చెప్పాలి. అమ్మ పడుకున్న రోజు అన్నం ఎవరు పెడతారో కూడా చెప్పాలి. పిల్లల భయం ఎక్కువగా ఆ చివరిదాని గురించే.

రాత్రి రెండింటికి లేచి కూర్చుంటే ఆలోచనలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఒక నోటుబుక్కు దిండు పక్కన పెట్టుకుని అవన్నీ రాయడం కొందరికి పనిచేస్తుంది. డాక్టరును అడగాల్సినవి ఒక పేజీలో, ఊరికే భయాలు ఇంకో పేజీలో. రాయడం రానివాళ్లు ఫోనులో తమ మాటే రికార్డు చేసుకోవచ్చు.

బాధ ఎక్కడ దాకా మామూలు, ఎక్కడ చికిత్స కావాలి అన్నదానికి డాక్టర్లు వాడే రెండు ప్రశ్నలు ఇంట్లో కూడా అడగవచ్చు. రెండు వారాలుగా చాలా రోజులు మనసు దిగులుగా, ఆశ లేనట్టు ఉందా? ఇదివరకు ఇష్టమైనవాటి మీద ఆసక్తి పోయిందా? ఏ ఒక్కదానికి "అవును" అన్నా డాక్టరుకు చెప్పాలి. చచ్చిపోతే బాగుండు అన్న మాట ఒక్కసారి వచ్చినా తేలిగ్గా తీసుకోకూడదు, ఆమెను ఒంటరిగా వదలకూడదు. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోను చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. మనోవ్యాధికి మందు రాస్తే సిగ్గుపడాల్సింది లేదు. అయితే టామాక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర వేసుకునేవాళ్లు ఆ సంగతి మానసిక వైద్యుడికి తప్పక చెప్పాలి. పారాక్సెటిన్, ఫ్లూయాక్సెటిన్ లాంటి మందులు టామాక్సిఫెన్ పనిని తగ్గించగలవు. వాటికి బదులు వేరేవి ఉన్నాయి.

ఆపరేషన్, కరెంటు

ఆపరేషన్‌లో చంక గడ్డలు తీసినవాళ్లకు ఆ వైపు చెయ్యి వాచే ప్రమాదం ఉంటుంది. నేర్పిన చేతి వ్యాయామాలు రోజూ చేయాలి. బిందెలు మోయడం, బరువైన బట్టలు పిండటం ఆ చేత్తో వద్దు. సూదులు, బీపీ పట్టీ రెండో చేతికే వేయమని అడగాలి.

మనవాళ్లు కరెంటు అనే రేడియేషన్‌కు వారంలో ఐదు రోజుల చొప్పున మూడు వారాలో ఐదు వారాలో హైదరాబాద్‌లో ఉండాలి. లకడీకాపూల్ దగ్గరి ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి 1955 నుంచి ఇట్లా జిల్లాల వాళ్లు వస్తూనే ఉన్నారు. కరెంటు పెట్టేది కొద్ది నిమిషాలే, నొప్పి ఉండదు. అలసట మాత్రం రోజు రోజుకూ పోగుపడుతుంది. రెండో వారం నుంచి తెలుస్తుంది, ఆఖరి రోజుల్లో బాగా ఎక్కువవుతుంది, అయిపోయాక కూడా కొన్ని వారాలు ఉంటుంది. ఇంటికి దూరంగా, గదిలో ఒక్కతే ఉండే మిగతా గంటలు మనసుకు బరువు. ఇంటివాళ్లు ఫోనుకు ఒక వేళ పెట్టుకోవాలి, ఆ వేళ తప్పకూడదు. పక్క బెడ్డు ఆమెతో, వరసలో ముందు కూర్చున్న ఆమెతో అక్కడ ఏర్పడే స్నేహాలు చాలామందికి ఏళ్లపాటు నిలుస్తాయి. రేడియేషన్ సమయంలో యోగా మీద బెంగళూరులోని వివేకానంద యోగ సంస్థ, అమెరికాలోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ ఆసుపత్రి కలిసి 191 మంది ఆడవాళ్లతో చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. వారానికి మూడుసార్లు యోగా చేసినవాళ్లలో, తేలికగా ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేసినవాళ్లలో కూడా, ఏమీ చేయనివాళ్లకంటే అలసట తగ్గింది. ఏ ఖర్చూ లేని పని ఇది.

అయిపోయిందనుకున్నాక

ఆఖరి కరెంటు అయిపోయి మంచిర్యాలలో రైలు దిగిన రోజు ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. వారం తిరగకుండానే పనులన్నీ ఒక్కొక్కటే ఆమె దగ్గరికి తిరిగి వచ్చేస్తాయి. ఇది నన్ను చాలా బాధపెట్టే సంగతి. అలసట చికిత్సతోపాటు ఆగిపోదు. నెలల తరబడి ఉంటుంది, కొందరిలో ఏళ్లూ ఉంటుంది. హార్మోన్ రకం జబ్బుకు టామాక్సిఫెన్ లాంటి మాత్రలు 5 ఏళ్లు, ఒక్కోసారి 10 ఏళ్లు వేసుకోవాలి. వాటితో ఒంట్లోంచి సెగలు వస్తాయి, చెమటలకు రాత్రి నిద్ర తెగుతుంది. మే నెల వేడిలో అది ఇంకా కష్టం. హెర్‌2 రకమైతే ట్రాస్టుజుమాబ్ అనే మందు ఏడాది దాకా నడుస్తుంది. దవాఖానకు పోయే తిరుగుడు తగ్గినప్పుడే చాలామందికి లోపలి భయం పైకి వస్తుంది. చెక్‌అప్ తేదీ దగ్గరపడితే తిండి సహించదు. అప్పుడు కూడా అంకె రాయడం, డాక్టరుకు చెప్పడం, హిమోగ్లోబిన్, థైరాయిడ్ మళ్లీ చూపించుకోవడం ఆగకూడదు.

కాబట్టి ఆమె భర్తకు, కొడుకులకు, కూతుళ్లకు చెప్పేది ఇదే. చికిత్స అయిపోయిందని పనుల కాగితాన్ని గోడ మీంచి తీసేయకండి. ఆమె అలసట అంకె నెలరోజులపాటు 3 దాటకుండా నిలిచిన తర్వాతే ఒక్కో పని తిరిగి ఇవ్వండి, అది కూడా ఆమె అడిగితేనే. గని బట్టలు మాత్రం ఎప్పటికీ ఎవరివి వాళ్లే ఉతుక్కోండి.